ఆరు లక్షల ఎనభై వేల పాయింట్లు

కిందటి వారం మనం కెర్రిన్‌ను బ్యాంకు ఎదుట, పెనంలా కాలిపోతున్న కారులో ఒంటరిగా వదిలి వచ్చాం. పదకొండేళ్ళుగా కెర్రిన్ వాళ్ళున్న అద్దె ఇంటిని యజమాని ట్రెజైజ్ అమ్మకానికి పెడుతున్నాడు. “బోర్డు పెట్టకముందే మీకు చెబుతున్నా. పై మంగళవారంలోగా బ్యాంకు ఒప్పుకుందని చెప్తే ఇల్లు మీది. లేకపోతే అడిలైడ్ వాళ్ళెవరో కాచుక్కూర్చున్నారు” అన్నాడు. కెర్రిన్, ఆమె భర్త జేగో ఆశగా బ్యాంకుకు వెళ్ళారు. అక్కడ లోన్లు చూసే వెస్నా వాళ్ళ కాగితాలు తిరగేసి, తల పైకెత్తింది.

“మీకు పైసా అప్పు లేదు, సంతోషం. కానీ నాలుగు క్రెడిట్ కార్డులున్నాయి. నలభై నాలుగు వేల డాలర్ల దాకా ఎప్పుడైనా వాడుకోవచ్చు. మీరు వాడినా వాడకపోయినా బ్యాంకు దాన్ని అప్పు కిందే చూస్తుంది. అందువల్ల మీకిచ్చే లోనులో రెండు లక్షలు కోత పడుతుంది. కార్డులు మూసేసి రండి. ముందు కట్టాల్సిన సొమ్ములో ఇంకో రెండు వేల ఎనిమిది వందలు తక్కువైంది, అది ఇల్లు చేతికొచ్చే లోపు సర్దుకోండి. అంతే.”

అంతే. కానీ కారెక్కాక కెర్రిన్ ఒక మాట అన్నది. “రెండు మూసి, రెండు ఉంచుకుంటే కుదురుతుందేమో, మళ్ళీ వెళ్ళి అడుగుదామా?”

జేగో తలుపు తీసుకుని దిగి, మైలున్నర దూరం ఎండలో నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు.

*

ఆ తరవాత ఆరు రోజులు ఆ ఇంట్లో మాటలు తూకం వేసినట్టు నడిచాయి. “చెత్త బయట పెట్టాను.” “మీ అమ్మ ఫోన్ చేసింది.” “పాలు అయిపోయాయి.” ఒకరు వంటింట్లో ఉంటే ఇంకొకరు వెనక షెడ్డులో. జేగో కోత యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. కోతలు ముగిసి పనులు తగ్గినా, ఏదో ఒక ఇంజను ముందేసుకుని చీకటిపడే దాకా షెడ్డులోనే గడిపాడు.

కెర్రిన్‌ను మాత్రం ఒక సంగతి వేధిస్తోంది. గురువారం రాబోతోంది. గురువారం సాయంత్రం నాలుగింటికి పట్టణ గ్రంథాలయం వెనక గదిలో ఆమె పాఠం చెబుతుంది. దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని ఆ వాలరూలో ఆమెను ‘పాయింట్ల రాణి’ అంటారు. ఏ కార్డు తీసుకుంటే ఎన్ని బోనస్ పాయింట్లు, వాటిని విమానం టిక్కెట్లుగా ఎలా మార్చాలి, ఏడాది తిరగ్గానే ఏ కార్డు వదిలి ఏ కార్డు పట్టాలి, ఇవన్నీ ఊళ్ళో వాళ్ళకు ఉచితంగా నేర్పుతుంది. మందుల షాపులో జీతానికి పనిచేసే మనిషికి ఆ గంటసేపు దక్కే గౌరవం ఇంకెక్కడా దక్కలేదు.

ఆమెకు ఈ పాయింట్ల మీద మోజు ఊరికే పుట్టలేదు. పన్నెండేళ్ళప్పుడు తండ్రి పనిచేసే ఎరువుల ఫ్యాక్టరీ మూతపడింది. ఇల్లు పోయింది. మేనత్తల ఇళ్ళలో, కారవాన్లలో, చివరికి తల్లి చెల్లెలు మెర్ల్ బేకరీ మీది గదిలో పెరిగింది. ఈ లోకం తమ దగ్గర తీసుకోవడమే తప్ప ఇవ్వదని చిన్నప్పుడే ఆమెకు అర్థమైపోయింది. అలాంటిది, కిరాణా కొంటే పాయింట్లు, పెట్రోలు పోయిస్తే పాయింట్లు! పాయింటు పడిన ప్రతిసారీ ఎవరో తన పాత బాకీ కొద్దికొద్దిగా తీరుస్తున్నట్టు ఉండేది.

గురువారం ఎండ నలభై ఒకటి దాటింది. ఉత్తరపు గాలి మసూరు పప్పు కోసిన పొలాల మీది దుమ్మంతా తెచ్చి ఊళ్ళో పోస్తోంది. జెట్టీ మీద ఒక్క గాలం కూడా లేదు. గ్రంథాలయం గది మాత్రం నిండిపోయింది.

“అమ్మాయ్, పాఠం నిదానంగా చెప్పు” అన్నాడు ముందు వరసలో కూర్చున్న ముసలి రైతు కోల్విన్. “మా ఇంట్లో ఏసీ చచ్చింది. ఆరింటి దాకా లాగగలవా?”

అందరూ నవ్వారు. కెర్రిన్ కూడా నవ్వి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో ‘లక్ష బోనస్ పాయింట్లు – ఈ నెల కొత్త కార్డు’ అని రాసింది. రెండో వరసలో బ్రయనీ అప్పుడే దరఖాస్తు కాగితం ఒళ్ళో పెట్టుకుని, పెన్ను మూత నోటితో లాగింది. బ్రయనీకి ఇరవై రెండేళ్ళు. క్షవరశాలలో పని నేర్చుకుంటోంది. కెర్రిన్ చెప్పే ప్రతి ముక్కా నోటుబుక్కులో రాసుకునే పిల్ల.

గోడవారగా మెర్ల్ పిన్ని కూర్చుంది. డెబ్బై ఒకటి నిండినా నడుం వంగలేదు. ముప్పై ఏళ్ళు బేకరీ నడిపి, కిందటేడే అమ్మేసింది. ఆమె ఈ పాఠాలకు రావడం అదే మొదటిసారి. “ఏమిటి పిన్నీ ఇలా వచ్చావ్?” అంటే “చల్లగా ఉందిగా” అని ఊరుకుంది.

కెర్రిన్ గొంతు సవరించుకునేలోపు తలుపు తెరుచుకుంది. వేడిగాలితో పాటు జేగో లోపలికి వచ్చాడు. పనిబట్టల మీద గ్రీజు మరకలు అలాగే ఉన్నాయి. ఏడేళ్ళలో ఒక్కసారీ ఈ గది గడప తొక్కని మనిషి. ఎవరి వంకా చూడకుండా చివరి వరసకు వెళ్ళి, మెర్ల్ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, చెయ్యి ఎత్తాడు.

“ఒక సందేహం అడగొచ్చా, టీచరమ్మా?”

తలలన్నీ వెనక్కి తిరిగాయి. వాలరూ చిన్న ఊరు. ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఆరు రోజులుగా ఏం నడుస్తోందో అక్కడున్న వాళ్ళలో సగం మందికి తెలుసు.

“అడుగు” అంది కెర్రిన్.

“ఏడేళ్ళయింది కదా మొదలుపెట్టి. అంతా పోగా నీకు మిగిలిందెంత?”

“ఇప్పుడా జేగో? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“ఇంట్లో అడిగితే చెప్పలేదుగా. ఇక్కడైతే అందరికీ చెప్తావు, నాకూ చెప్తావని వచ్చా.”

కెర్రిన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా గడ్డం పైకెత్తింది. “ఆరు లక్షల ఎనభై వేల పాయింట్లున్నాయి. ఇద్దరం విమానంలో ముందు సీట్లలో, కాళ్ళు చాపుకుని పడుకుని, యూరప్ వెళ్ళి రావచ్చు. టిక్కెట్ల ఖరీదు పద్నాలుగు వేల డాలర్లు.”

ఎవరో మెచ్చుకోలుగా ఈల వేశారు.

“కెర్రీ” అని పిలిచింది మెర్ల్ పిన్ని, గోడ దగ్గర నుంచి. “ఆ టిక్కెట్లు నువ్వు డబ్బు పెట్టి కొనేదానివా?”

“పద్నాలుగు వేలు పోసి ఎవరు కొంటారు పిన్నీ!”

“కొననివాటికి ఖరీదు చెప్పుకుంటే ఎలాగే? నా బేకరీ అద్దాల బీరువాలో మాంసం కూరిన పేస్టీకి ఏడు డాలర్లని చీటీ అంటించేదాన్ని. సాయంత్రం దాకా ఎవరూ కొనకపోతే అది ఏడు డాలర్లు కాదు. పక్కింటి కుక్క భోజనం.”

కోల్విన్ నవ్వబోయి, జేగో ముఖం చూసి ఆపుకున్నాడు.

కెర్రిన్ బోర్డు వైపు తిరిగింది. అందరికీ ఆమె వీపే కనబడుతోంది. తప్పించుకోవడానికి ఆమెకు దారులున్నాయి. ‘మొగుడూ పెళ్ళాల గొడవ, మన్నించండి’ అని నవ్వేయవచ్చు. పాఠం ముగించి ఇంటికి పంపవచ్చు. కానీ జేగో అడిగిన ప్రశ్నకు జవాబు ఆమెకు కొత్త కాదు. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం, మందుల షాపులో గిరాకీ లేనప్పుడు, రశీదు కాగితం వెనక ఆ లెక్క తానే వేసుకుంది. చివరి అంకె చూసి, ఎవరో చూస్తారేమోనని కాగితం నాలుగు ముక్కలు చేసి పారేసింది. మర్నాడు వెళ్ళి నాలుగో కార్డు తీసుకుంది.

డస్టరు తీసుకుని ‘లక్ష బోనస్ పాయింట్లు’ తుడిచేసింది.

“సరే. కుక్క భోజనం కాకుండా నిజం లెక్క వేద్దాం” అంది. “ఈ పాయింట్లని ఇవాళ సరుకుల కూపన్లుగా మారిస్తే మూడు వేల నాలుగు వందల డాలర్లు వస్తాయి. ఇదివరకు టోక్యో ఒకసారి, కెయిర్న్స్ ఒకసారి వెళ్ళాం. మామూలు సీట్లకి ఆరు వేల రెండు వందలు అయ్యేది. మొత్తం తొమ్మిది వేల ఆరు వందలు వచ్చాయనుకోండి.”

రాసింది. దాని కింద గీత గీసింది.

“ఇక పోయినవి. కార్డులకి ఏటేటా కట్టిన ఫీజులు, ఏడేళ్ళకి ఆరు వేల తొమ్మిది వందలు. జేగో భుజం విరిగి ఐదు నెలలు పనికి వెళ్ళని చలికాలం గుర్తుందిగా? అప్పుడు మొత్తం కట్టలేకపోయాను. వడ్డీ పద్నాలుగు వందల అరవై.”

తీసివేత తానే చేసింది. చివర వచ్చిన అంకె కింద రెండు గీతలు గీసి, మార్కరు మూత పెట్టింది.

వెయ్యిన్ని రెండు వందల నలభై డాలర్లు.

“ఏడేళ్ళకా?” అన్నాడు కోల్విన్.

“ఏడేళ్ళకి. రోజుకి అర డాలరు.”

“ఓరి దేవుడా! కొండని తవ్వి ఎలకని పట్టాం.”

“కయాక్ కలపలేదు” అన్నాడు జేగో వెనక నుంచి. అతని గొంతులో ఇందాకటి పదును లేదు. తాను అడిగింది ఇలా గోడకెక్కి అందరి ముందూ నిలబడుతుందని అతను అనుకున్నట్టు లేదు.

“అవును, కలపలేదు” అంది కెర్రిన్. “మూడు నెలల్లో మూడు వేలు ఖర్చుపెడితేనే బోనస్ ఇస్తామంటారు. గడువుకి తొమ్మిది వందలు తక్కువైంది. అందుకని ఆ కయాక్ పడవ కొన్నాను. ఇంకోసారి రెండో ఫ్రిజ్. ఇంకోసారి కాఫీ మిషను. ఇంట్లో ఎవరూ కాఫీ తాగరు.” అందరూ నవ్వుతారనుకుంది. ఎవరూ నవ్వలేదు. “అవి ఎక్కడ రాయాలో తెలీక రాయలేదు. రాస్తే ఆ వెయ్యి కూడా ఉండదు.”

బ్రయనీ లేచి నిలబడింది. దరఖాస్తు కాగితం ఆమె చేతిలో నలిగిపోతోంది.

“అక్కా, మరి నేనిది పంపనా వద్దా?”

“నువ్వు నెల నెలా మొత్తం కట్టేస్తున్నావుగా?” అంది కెర్రిన్. మొదటి పాఠం రోజున అందరికీ చెప్పిన నియమం అది.

బ్రయనీ కళ్ళు దించుకుంది. “పంతొమ్మిది వందలు ఉండిపోయింది. కిందటి శీతాకాలం నుంచీ. నెలకి ముప్పై మూడు డాలర్లు వడ్డీ పడుతోంది. కొత్త కార్డు బోనస్ వస్తే దాంతో సర్దేద్దామని… మీరు అందరికీ కుదురుతుందన్నారుగా, నాకే కుదరట్లేదేమో అనుకున్నా.”

“నెలకి పాయింట్లెన్ని వస్తాయి నీకు?”

“మహా అయితే నాలుగు డాలర్ల విలువ.”

“అంటే ముప్పై మూడు ఇచ్చి నాలుగు తెచ్చుకుంటున్నావు.”

“అవునక్కా” అంది బ్రయనీ. ఆ రెండు అంకెలను ఎవరూ అలా పక్కపక్కన పెట్టి ఆమెకు చూపించలేదు. చూసేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కెర్రిన్‌కు ఆ క్షణాన జేగో గుర్తు లేడు, ఇల్లు గుర్తు లేదు. గది చివరి దాకా ముఖాలన్నీ చూసింది. వీళ్ళలో ఇంకెంతమంది? ముందు వరసలో నవ్వేవాళ్ళు, వెనక వరసలో తలూపేవాళ్ళు, ఇంటికెళ్ళి వడ్డీ చీటీలు సొరుగులో దాచుకునేవాళ్ళు? తాను పంచింది తెలివి అనుకుంది. నడిచి వెళ్ళి బ్రయనీ చేతిలోంచి ఆ కాగితం తీసుకుంది.

“తప్పు నాది” అంది. “మొత్తం కట్టేవాళ్ళకే ఇది పనికొస్తుందని ఒకసారి చెప్పి ఊరుకున్నాను. వారం వారం చెప్పాల్సింది. నువ్వు వచ్చే వారం షాపుకి రా. ముందు ఆ పంతొమ్మిది వందలు ఎలా దించుకోవాలో చూద్దాం. అది దిగే దాకా పాయింట్ల మాటే ఎత్తొద్దు.”

“అయితే ఇదంతా దండగేనన్నమాట!” అన్నాడు కోల్విన్, కుర్చీలో వెనక్కి వాలి. “కార్డు ముక్కలు చేసి జెట్టీ మీంచి పీతలకి వేద్దాం.”

“తొందరపడకు కోల్విన్” అంది మెర్ల్ పిన్ని. లేచి, సంచీ భుజాన వేసుకుంది. “నాకూ ఒక కార్డుంది. పద్దెనిమిదేళ్ళుగా ఉంది.”

కెర్రిన్ గిరుక్కున తిరిగింది. “నీకా? డబ్బా కింద నోట్లు దాచుకునే నీకా?”

“ఆ డబ్బా మీ బాబాయి చూడ్డానికి. ఫీజు లేని కార్డొకటి బ్యాంకు వాళ్ళు ఇస్తే తీసుకున్నా. పిండి, వెన్న, మాంసం, బేకరీకి ఎలాగూ కొనేవే దాంతో కొన్నా. నెలాఖరుకి మొత్తం దానంతటదే కట్టుకునేలా రాసిచ్చేశా. పాయింట్లకి సరుకుల కూపన్లు పంపేవాళ్ళు. నెలకి ముప్పై అయిదు డాలర్లు, అటూ ఇటూ. కూపనుతో సరుకులు తెచ్చుకున్న రోజున, ఆ సరుకులకి పెట్టాల్సిన నా ముప్పై అయిదు మిగులుతుంది చూడు, అది మాత్రం పర్సులో ఉంచలేదు. అన్ని కంపెనీల్లోనూ తలా కాస్త కొనే ఫండు ఒకటుంటే అందులో వేశా. వేసి మర్చిపోయా.”

“ఇప్పుడెంతైంది?” అంది బ్రయనీ, కళ్ళు తుడుచుకుంటూ.

“పద్నాలుగు వేల పైచిలుకు.”

కోల్విన్ ఈల వేశాడు.

“ఈలలొద్దు. బేకరీ మొత్తం ఖర్చు దాని మీద నడిపితే పద్దెనిమిదేళ్ళకి వచ్చింది అది. బేకరీ లేనివాళ్ళకి అందులో సగం కూడా రాదు. నేను నిలబడింది కార్డు వల్ల కాదు. తెల్లారుజామున మూడింటికి లేచి పిండి పిసికినందుకు, అప్పు చెయ్యనందుకు. కార్డు ఉప్పు లాంటిదర్రా. కూరలో వేస్తే రుచి. ఉప్పే తిని కడుపు నింపుకుంటానంటే ఎలా?”

“ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు పిన్నీ?”

“నువ్వు అడిగావా? నువ్వే అందరికీ చెప్పేదానివాయె.”

మాట కటువుగానే ఉంది. కానీ ఆ మాటంటూ మెర్ల్ ముందుకు నడిచి వచ్చి, తాను పెంచిన పిల్ల భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. కెర్రిన్ బోర్డు మీది అంకెను ఇంకోసారి చూసింది. మూడేళ్ళ కిందట చించి పారేసినప్పుడు అది ఎంత భయపెట్టిందో! ఇవాళ ఇరవై మంది చూస్తుండగా గోడ మీద నిలబడితే, అది ఒట్టి అంకె. దాన్ని మోయడమే ఇన్నాళ్ళూ బరువైంది.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. జేగో లేచాడు. గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఎవరినీ కాకుండా నేలను చూస్తూ అన్నాడు. “కయాక్ నాకు నచ్చింది. అది చెప్పాలి కదా. ఆ ఫ్రిజ్‌లో బీర్లు పెట్టుకున్నదీ నేనే.”

ఈసారి గదంతా గొల్లుమంది. కెర్రిన్ నవ్వు ఆపుకోలేక, ఏడుపూ ఆపుకోలేక, డస్టరుతో ముఖం అడ్డం పెట్టుకుంది. తీసేసరికి ముక్కు మీద నీలం మరక.

*

ఇంటికి వెళ్ళేటప్పుడు ఇద్దరూ ఒకే కారులో వెళ్ళారు. సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. జేగో అద్దం దించాడు.

“అందరిలో అలా అడగాల్సింది కాదు” అన్నాడు.

“ఇంట్లో అడిగితే చెప్పేదాన్ని కాదు” అంది కెర్రిన్.

మర్నాడు ఉదయం ఇద్దరూ పనికి సెలవు పెట్టి వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. నాలుగు కార్డులు, రెండు ఫోన్లు, ఒక పళ్ళెం నిండా మెర్ల్ పంపిన పేస్టీలు. జేగో మొదటి కార్డు నంబరుకు డయల్ చేయబోతుంటే కెర్రిన్ చెయ్యి పట్టుకుంది.

“ఆగు. మూసేముందు పాయింట్లు బయటికి లాగాలి. లేకపోతే కార్డుతో పాటే గాల్లో కలిసిపోతాయి. అన్నీ కూపన్లుగా మార్చేద్దాం.”

“యూరప్ వద్దా?”

“యూరప్ ఎక్కడికీ పోదు. ఇల్లే పోతుంది. చూడు, మూడు వేల నాలుగు వందల కూపన్లు. మన సరుకులకి వారానికి మూడు వందలు. పదకొండు వారాలు జేబులోంచి డాలరు తియ్యకుండా తినొచ్చు. ఆ సరుకుల డబ్బంతా ఇంటి డబ్బులో పడిపోతుంది. ఇల్లు చేతికి రావడానికి పన్నెండు వారాలుంది. వెస్నా చెప్పిన రెండు వేల ఎనిమిది వందలు అందులోంచే వచ్చేస్తాయి.”

జేగో ఫోన్ పక్కన పెట్టాడు. “ఇది మెర్ల్ పిన్ని లెక్క కదూ?”

“పిన్ని లెక్కే. ఆవిడ పద్దెనిమిదేళ్ళు చేసింది. మనం పదకొండు వారాలతో మొదలుపెడదాం.”

కార్డులు మూయడం అంత తేలిక కాలేదు. ఒక్కో ఫోనుకు అరగంట సంగీతం వినిపించారు. “మీలాంటి ఖాతాదారుని వదులుకోలేం, ఇంకో యాభై వేల పాయింట్లిస్తాం” అని ఒక అమ్మాయి బతిమాలింది. ఆ మాటకు కెర్రిన్ వేళ్ళు బల్ల అంచును గట్టిగా పట్టుకోవడం జేగో చూశాడు. “వద్దమ్మా, మూసెయ్” అని ఆమె అన్నప్పుడు, చెల్లని కార్డును అతనే కత్తెరతో కత్తిరించి ఇచ్చాడు. సాయంత్రానికి నాలుగూ అయిపోయాయి. మూసినట్టు వచ్చిన కాగితాలన్నీ వెస్నాకు పంపేశారు.

శని, ఆదివారాలు పెళ్ళైన కొత్తల్లో గడిచినట్టు గడిచాయి. ఆదివారం పొద్దున నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఇద్దరూ మోకాలి లోతున నడిచి పీతలు పట్టారు. వంటింటి గోడ పడగొట్టి కిటికీ పెడదాం, వరండా ముందుకు లాగుదాం అని అతను చెబుతుంటే, ఎన్నో ఏళ్ళ తరవాత ఆమె అడ్డం రాకుండా విన్నది. మధ్యలో బ్రయనీ ఫోన్ చేసి, వారానికి ఒకరోజు మెర్ల్ పిన్ని పాత బేకరీలో పనికి కుదిరానని, ఆ డబ్బు అంతా వడ్డీ కార్డుకేనని చెప్పింది. వచ్చే గురువారం పాఠం పేరు ఏం పెట్టాలా అని కెర్రిన్ అప్పుడే ఆలోచనలో పడింది.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. కెర్రిన్ పీతలు వొలుస్తోంది. భోజనానికి వచ్చిన జేగో వరండాలో దోమతెర తలుపు బిగిస్తున్నాడు. తడి చేత్తోనే ఫోన్ తీసింది.

“కెర్రిన్, వెస్నాని. మంచి కబురే. లోను దాదాపు అయిపోయినట్టే. రేపు పొద్దునే ట్రెజైజ్‌గారికి ఉత్తరం ఇచ్చేయొచ్చు.”

“అబ్బా, బతికించావు!”

“ఒక్కటే మిగిలింది. నాలుగు కార్డులూ మూసినట్టు కాగితాలు అందాయి. ఇవాళ మీ ఇద్దరి పేరునా పూర్తి రిపోర్టు తెప్పించాను. ఆ ఐదోది ఎప్పుడు మూస్తున్నారు?”

“ఐదోదా? మాకున్నవి నాలుగే వెస్నా.”

“ఐదుంది. పదివేల లిమిటు, దాదాపు మొత్తం వాడేసి ఉంది. నాలుగేళ్ళ కిందట తీసుకున్నది.” కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. “మీ వారి పేరు మీద. మీతో చెప్పలేదా ఆయన?”

కెర్రిన్ ఫోన్ బల్ల మీద పెట్టింది. తలుపు తీసుకుని వరండాలోకి వచ్చి నిలబడింది. గురువారం నాడు ఇరవై మంది ముందు తనను నిలదీసిన మనిషి, నోట్లో రెండు మేకులు పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

“జేగో. ఐదో కార్డు ఏమిటి?”

సుత్తి ఆగింది. అతను మేకులు నోట్లోంచి తీసి, ఒకదాని పక్కన ఒకటి గడప మీద పెట్టాడు. అరుస్తాడనుకుంది. బుకాయిస్తాడనుకుంది. అతని ముఖం మెల్లగా మెడ దాకా ఎర్రబడింది. ఆమెకు తెలిసిన జేగో ముఖంలో అలాంటి సిగ్గు ఎప్పుడూ లేదు.

“ఇల్లు మనదయ్యాక చెబుదామనుకున్నా” అన్నాడు. “ఇప్పుడు చెబితే నమ్మవు కెర్. బండెక్కు. ఇరవై నిమిషాల దారి. చూపిస్తా.”

ట్రక్కు తాళాల గుత్తిలోంచి అతను ఒక చిన్న ఇత్తడి తాళంచెవిని విడదీసి ఆమె తడి అరచేతిలో పెట్టాడు. పదకొండేళ్ళ కాపురంలో కెర్రిన్ దాన్ని ఎన్నడూ చూడలేదు.